నాలుగు గడుల్లో కథ – 3వ పాఠం: మలుపు

క్రితం పాఠంలో మొదటి రెండు గడులు గీశాం. మనుషులెవరో, ఏం జరుగుతోందో పాఠకుడికి తెలిసిపోయింది. ఈసారి మూడో గడి. నాలుగు గడుల కామిక్‌లో బరువంతా మోసేది ఇదే. చివర్లో నవ్వు పండలేదంటే లోపం చాలాసార్లు నాలుగో గడిలో కాదు, దాని ముందున్న ఈ మూడో గడిలో ఉంటుంది.

ఈ పాఠానికి మన గురువు హసెగావా మచికో. జపాన్‌లో కామిక్స్‌ను వృత్తిగా చేపట్టిన తొలితరం మహిళల్లో ఆమె ఒకరు. 1920లో సాగాలో పుట్టి, ఫుకువోకాలో పెరిగారు. తండ్రి పోయాక కుటుంబం టోక్యో చేరింది. అక్కడ తగావా సుయిహో అనే కామిక్ చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక మళ్ళీ ఫుకువోకా వచ్చేశారు. అక్కడి మొమొచి సముద్రతీరాన నడుస్తూ ఒక కుటుంబాన్ని ఊహించుకుని, అందరికీ సముద్రానికి సంబంధించిన పేర్లే పెట్టారు. పెద్ద కూతురు సజాయె అంటే గుల్ల ఉండే ఒక నత్త, తమ్ముడు కత్సువో అంటే ఒక చేప, చెల్లెలు వకామే అంటే సముద్రపు నాచు.

ఆ కుటుంబం కామిక్ 'సజాయె-సాన్' ('సాన్' అంటే మన 'గారు' లాంటిది) 1946 ఏప్రిల్ 22న ఫుకునిచి అనే స్థానిక పత్రికలో మొదలైంది. దానికి 12 రోజుల ముందు, ఏప్రిల్ 10న, జపాన్ స్త్రీలు సార్వత్రిక ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేశారు. ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. నోరున్న, తొందరపాటున్న, ఎవరికీ జంకని ఒక యువతి సరిగ్గా అప్పుడు పత్రికలోకి అడుగుపెట్టింది. బయట తిండికి కటకట, రేషను వరుసలు. హసెగావా ఆ కరువును దాచలేదు, దాని మీద ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ రోజుల్లో ఒక ఇల్లు ఎలా నడిచిందో గీశారు. తరువాత ఈ కామిక్ అసాహి పత్రికకు మారి 1974 ఫిబ్రవరి దాకా సాగింది. 1969లో మొదలైన టీవీ యానిమేషన్ ఇప్పటికీ వస్తోంది.

ఇక పనిలోకి వద్దాం. జపాన్‌లో ఈ గడులు నిలువుగా, పైనుంచి కిందికి ఉంటాయి. వరుస ఇది: ఎత్తుగడ, కొనసాగింపు, మలుపు, ముగింపు. మలుపు అంటే ఆకాశం నుంచి ఏదో ఊడిపడటం కాదు. మొదటి రెండు గడుల్లో ఉన్న మనిషే, తన స్వభావం కొద్దీ, మనం అనుకోని పని చేయాలి. ఒక ఉదాహరణ గీద్దాం.

మొదటి గడి: మబ్బు పట్టింది. "డాబా మీద బట్టలు తడవకముందే తీసుకురా" అని తల్లి కొడుకును పంపుతుంది.

రెండో గడి: వాడు మెట్లెక్కి గబగబా బట్టలు తీస్తుంటాడు. తొలి చినుకులు.

మూడో గడి: జోరువాన. వాడు దుప్పటిని గొడుగులా నెత్తిన పట్టుకుని, మిగతా బట్టలు దాని మీదే వేసుకుని దిగుతున్నాడు. మాటలేమీ లేవు.

నాలుగో గడి: గుమ్మంలో నీళ్ళు కారుతున్న బట్టల కుప్ప. పక్కన పొడిగా కొడుకు. "నా మీద ఒక్క చుక్క కూడా పడలేదమ్మా!"

మూడో గడిలో కొడుకు చేత "అమ్మో, తడిసిపోతానేమో!" అనిపించి చూడండి. బొమ్మ చెబుతున్నదే నోరు మళ్ళీ చెబుతుంది, నాలుగో గడిలో వాడి మాటకు పదును పోతుంది. ఆ మాట కొట్టేయండి. ఇప్పుడు బొమ్మ చూసిన పాఠకుడికి విషయం తెలుసు, కొడుక్కి తెలియదు. నవ్వు పుట్టేది అక్కడే. ఇంకో సంగతి: దుప్పటి రెండో గడిలోనే తీగ మీద స్పష్టంగా కనబడాలి. లేకపోతే మూడో గడిలో అది ఎక్కడినుంచి వచ్చిందా అని చూపు ఆగిపోతుంది. ఆ గడిలో నేపథ్యం కూడా తగ్గించండి. వాన గీతలు, దుప్పటి, దాని మీది బట్టలు, రెండు కాళ్ళు చాలు. తల్లి ముఖం నాలుగో గడికి దాచిపెట్టండి. ఆమె నోరు తెరవకూడదు.

అభ్యాసం: ఈ వారం మీ ఇంట్లో జరిగిన ఒక చిన్న పని ఎంచుకోండి, గ్యాస్ సిలిండర్ మార్చడమో, పెరుగు తోడుపెట్టడమో. మొదట మూడో గడి ఒక్కటే గీయండి. దాన్ని మాటలు లేకుండా ఇంట్లో ఒకరికి చూపించి, ఏం జరుగుతోందో చెప్పమనండి. వాళ్ళు తడబడితే మాట చేర్చవద్దు, బొమ్మనే మార్చండి. అది కుదిరాకే మిగతా మూడు గడులు వేయండి.

వచ్చే పాఠంలో నాలుగో గడి: ఎవరి ముఖం మీద ఆపాలి, ఎంత ఖాళీ వదలాలి.