అచ్చుకు వెళ్లే పటాన్ని తీర్చిదిద్దడం

పటం మీద పని మొదలుపెట్టే ముందు, అది పాఠకుడికి ఏం చెప్పాలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. హైదరాబాద్‌లో జనం ఎక్కడ కిక్కిరిసి ఉన్నారో చూపించడమే ఉద్దేశమైతే మూసీ, హుస్సేన్‌సాగర్, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కేవలం ఆనవాళ్లు. వాటికి లేత రంగులు చాలు, ముదురు రంగు జనసాంద్రతకే దక్కాలి. వార్డులకు రంగులు వేసేటప్పుడు మొత్తం జనాభాను కాక, చదరపు కిలోమీటరుకు ఎంతమందో లెక్కగట్టి వాడాలి. లేకపోతే ఖాళీ జాగాలే ఎక్కువున్న పెద్ద శివారు వార్డు కూడా పాతబస్తీకన్నా ఇరుకైనదిగా కనిపించవచ్చు. ఒకే రంగులో లేత నుంచి ముదురుకు ఐదు మెట్లు సరిపోతాయి.

మెట్రో పటంలో ఎరుపు, ఆకుపచ్చ మార్గాలు ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర కలుస్తాయి. ఈ రెండు రంగుల మధ్య తేడా తెలియని పాఠకులు తక్కువేమీ కాదు కాబట్టి, మార్గం పేరును లెజెండుకు, అంటే రంగుల అర్థం చెప్పే పెట్టెకు వదిలేయకుండా గీత పక్కనే రాయాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది తెలుగు లేబుళ్ల మీద. ‘కుత్బుల్లాపూర్’ అన్న పేరునే చూడండి: ‘త్బు’లోని బ వత్తు, ‘ల్లా’లోని ల వత్తు పంక్తి కిందికి దిగుతాయి. ఇంగ్లీషు పేరుకు సరిపోయిన అక్షర పరిమాణమే దీనికీ ఇస్తే, అచ్చులో ఆ వత్తులు సిరా చుక్కల్లా అలుక్కుపోతాయి, కిందనున్న వార్డు సరిహద్దు గీత వాటిని కోసేస్తుంది. అందుచేత తెలుగు లేబులుకు ఒకటి రెండు పాయింట్లు పెంచి, చుట్టూ సన్నని తెల్లని అంచు ఇచ్చి, పేరు రెండు వరుసల్లో వస్తే వాటి మధ్య ఎడం కూడా పెంచాలి. పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఈ అంచును బఫర్ అంటారు. పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు అక్షరాలను ఆకృతులుగా ఎగుమతి చేసే ఎంపికను పెట్టుకుంటే ప్రెస్సులో వత్తులు చెదరవు.

అక్షాంశ రేఖాంశాలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద పరిస్తే, మన నగరం తూర్పు పడమరలుగా దాదాపు 5 శాతం సాగిపోతుంది. భూమిని మండలాలుగా విడగొట్టి కాగితం మీదికి దించే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర మండలానికి మార్చుకుంటే ఆకారం సరిగా వస్తుంది. స్కేలును అంకెల నిష్పత్తిగా కాక గీతగా ఇవ్వాలి, ఎందుకంటే పేజీలో బొమ్మను కుదించినప్పుడు గీత కూడా దానితోపాటే కుదించుకుపోతుంది. ఉత్తర దిక్కు బాణం ఒక మూల చిన్నదిగా ఉంటే చాలు.

పంపే ముందు, పేజీలో పడే అసలు కొలతలోనే ఒక నలుపు తెలుపు ప్రతి తీసి, పటాన్ని ఎన్నడూ చూడని మనిషి చేతికిచ్చి కుత్బుల్లాపూర్ ఎక్కడుందో వెతకమనండి.