విదేశీ బ్రాంచి ఉన్న కంపెనీ సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత, అంటే సమాజం కోసం కంపెనీ పెట్టాల్సిన ఖర్చు) లెక్క వేయడం ఎలా?

ముందు కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ వర్తిస్తుందో లేదో చూడండి. గత ఆర్థిక సంవత్సరంలో నెట్‌వర్త్ (వాటాదారుల మూలధనం, పోగైన లాభాలు కలిపిన నికర విలువ) 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు: వీటిలో ఏ ఒక్కటి తాకినా చాలు. ఇక్కడ బ్రాంచి పెట్టిన విదేశీ కంపెనీకీ ఇదే రూలు.

గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ లాభం దగ్గరే. పన్ను కట్టాక మిగిలిన అంకె కాదు, 198వ సెక్షన్ ప్రకారం పన్నుకు ముందు లాభం తీసుకోవాలి. అందులోంచి విదేశీ బ్రాంచి లాభం తీసేయాలి.

ఉదాహరణకు మూడేళ్ల లాభాలు 6, 8, 10 కోట్లు. చివరి ఏడాది 10లో 3 కోట్లు దుబాయ్ బ్రాంచివి అనుకుందాం. అప్పుడు 6, 8, 7. సగటు 7 కోట్లు, కట్టాల్సింది 14 లక్షలు. దుబాయ్‌ని మరిచిపోతే 16 లక్షలని వస్తుంది.

ఆఫీసు ఖర్చులు మొత్తం సీఎస్ఆర్ వ్యయంలో 5 శాతం దాటకూడదు. అంటే ఇక్కడ 70 వేలు. సొంత ఉద్యోగుల కోసమే పెట్టిన వైద్య శిబిరం లెక్కలోకి రాదు (చాలామంది రాసేస్తారు!). స్వచ్ఛంద సంస్థ ద్వారా చేయిస్తుంటే, డబ్బు పంపే ముందే దాని సీఎస్ఆర్-1 (సీఎస్ఆర్ పనులు చేసే సంస్థలు ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఫారం) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

డబ్బు మిగిలితే? కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే మార్చి 31 తర్వాత 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేయాలి. కాకపోతే ఆరు నెలల్లోపు ఇదే చట్టం ఏడో షెడ్యూల్‌లోని నిధికి, ఉదాహరణకు పీఎం సహాయ నిధికి, పంపాలి.