వేసవి జాతరలో ఆటపాటలు: రాత్రి పది గంటలలోపు రక్తి కట్టించడం ఎలా

ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య నాడు అనకాపల్లిలో నూకాంబిక జాతర మొదలైనది మొదలు, శ్రీరామనవమి పందిళ్ళ మీదుగా, మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర ముగిసేదాకా, తెలుగునాట వేసవంతా ఏదో ఒక ఊరిలో వేదిక లేస్తూనే ఉంటుంది. ఆ వేదిక మీదికి ఎవరిని పిలవాలన్న విషయం మీద కమిటీలో ప్రతి ఒక్కరూ మాట్లాడతారు కానీ, పిలిచినవారిలో ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరికెంత సేపు అన్నది మాత్రం ఆ రోజు సాయంత్రం దాకా ఎవరూ తేల్చరు. మా ఊరి తిరునాళ్ళలో చాలా ఏళ్ళు ఈ పని చూసుకున్న అనుభవంతో చెబుతున్నాను. మంచి బృందాలు వచ్చిన రాత్రి కూడా చప్పబడిందంటే, చాలాసార్లు లోపం కళాకారులలో ఉండదు, మనం వేసిన వరుసలో ఉంటుంది.

ముందుగా మీ చేతిలో ఉన్న సమయమెంతో లెక్క వేసుకోవాలి. ఒకప్పుడు బుర్రకథ రాత్రి భోజనాలయ్యాక మొదలై అర్ధరాత్రి దాటేది. పద్యనాటకం కోడి కూసే వేళకు గాని ముగిసేది కాదు. ఇప్పుడు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడకూడదు. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. మీ జాతర రోజులు ఆ జాబితాలోకి వస్తాయో రావో పోలీసు స్టేషనులో అనుమతి పత్రం పెట్టేనాడే అడిగి తెలుసుకోండి. వస్తాయిలే అన్న ధీమాతో కరపత్రం అచ్చు వేయించకండి. వేదికకు 100 మీటర్ల లోపల ఆసుపత్రి గాని, బడి గాని, కోర్టు గాని ఉంటే ఆ చోటును ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండవచ్చు కాబట్టి, స్థలం ఖాయం చేసుకునే ముందే ఆ దూరం కొలిపించాలి.

మే నెలలో పొద్దు గూకేది సుమారు ఆరున్నరకు. ఆ వేళకు కూడా నేల సెగలు కక్కుతూనే ఉంటుంది. అంటే మీకు నిజంగా దక్కేది ఆరున్నర నుంచి పది దాకా మూడున్నర గంటలు. ఈ మూడున్నర గంటలను ఎలా పంచుతారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

మొదటి ముప్పావు గంట వేదికను ఖాళీగా వదిలేయండి. డప్పులు, తప్పెటగుళ్ళు, గరగలు, కోలాటం, చెక్కభజన ఇవన్నీ నేల మీద, జనం మధ్య, గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆటలు. వాటిని తీసుకెళ్ళి ఇరవై నాలుగు అడుగుల వేదిక మీద, ఒకే వైపు చూసే జనం ముందు నిలబెడితే ఆట సగం చచ్చిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు తప్పెటగుళ్ళ బృందం రొమ్ముకు కట్టుకున్న రేకు గుళ్ళను రెండు చేతులా వాయిస్తూ ఎగిరేటప్పుడు, చూసేవారికి రెండు గజాల దూరంలో ఆ అడుగుల అదురు తెలియాలి. వీటికి మైకు అక్కరలేదు. ఊళ్ళోకి వినిపించి జనాన్ని ఇళ్ళలోంచి బయటకు రప్పించేది కూడా ఆ చప్పుడే. ఐదు గంటలకే ఆడే చోట పలచగా నీళ్ళు చల్లించండి, ఎందుకంటే వాళ్ళు గజ్జెలు కట్టి ఉత్త కాళ్ళతో ఆడతారు. జారేంతగా మాత్రం తడపకూడదు. తోలు డప్పులు తెచ్చే బృందమైతే మూత బిగియడానికి మంట కాచుకుంటుంది కనుక, పందిరికి దూరంగా, గాలి వాలు చూసి, ఒక చోటు చూపించి, పక్కనే రెండు బిందెల నీళ్ళు, ఇసుక పెట్టించండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జాతరలో కనిపించే ప్రతి వేషమూ ప్రదర్శన కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు వేసే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు మొక్కులు. తెలంగాణలో ఒగ్గు పూజారులు పట్నం అనే రంగుల ముగ్గు వేసి మల్లన్న కథ చెప్పడం కొలువులో భాగం. అలాంటివాటిని సమయపట్టికలో ఇరికించి, వ్యాఖ్యాత చేత పరిచయం చేయించి, చప్పట్లు కొట్టమనడం వాటిని అవమానించడమే. వాటి వేళను ఊరి పెద్దలను, కొలువు చేసేవారిని అడిగి తెలుసుకుని, ఆ సేపు మీ మైకును పూర్తిగా ఆపేయండి.

సన్మానాలు, ప్రసంగాలు ఏడుంబావుకు, వేదిక కార్యక్రమం మొదలయ్యేలోపే, పావుగంటలో ముగించాలి. రాత్రిని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది మధ్యలో వచ్చే శాలువాల తంతే. కథకుడు వీరరసంలో ఉండగా ఎవరో పెద్దమనిషి వచ్చారని ఆట ఆపించి దండ వేయిస్తే, ఆ రసం మళ్ళీ పట్టుకోవడానికి కథకుడికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఈలోగా వెనుక వరుసలు లేచిపోతాయి. ఆలస్యంగా వచ్చిన అతిథులను ముందు వరుసలో కూర్చోబెట్టి, వారి పేర్లు విరామంలో చదివితే చాలునని కమిటీ ముందురోజే తీర్మానించుకోవాలి. చదివింపులూ అంతే. వంద రూపాయలు చదివించినవారి పేరు ఆ క్షణమే చదవాలన్న పట్టుదల వద్దు. చీటీలన్నీ ఒకరి దగ్గర చేర్చి, కథ మధ్యలో ఒక్కసారి, చివర ఒక్కసారి చదివించండి. ఆ డబ్బు కళాకారులదా, కమిటీదా అన్నది బయానా ఇచ్చేనాడే తేల్చుకోవాలి. నా మాట అడిగితే, జనం కళ చూసి ఇచ్చిన డబ్బు కళాకారులకే చెందాలి.

ఏడున్నరకు వేదిక మీది మొదటి అంశంగా పిల్లలు మేలుకుని ఉండగానే ఇంద్రజాలమో, మిమిక్రీయో ఇరవై నిమిషాలు పెట్టండి. ఆ వెంటనే గంటంబావు కథ. చివరి ముప్పావు గంట ఆర్కెస్ట్రా. ఈ వరుసను తలకిందులు చేయకండి. డ్రమ్ములు, కీబోర్డు, పెద్ద స్పీకర్ల హోరుకు అలవాటు పడిన చెవి, తర్వాత వచ్చే తంబుర నాదానికీ, బుర్రకథలో వాయించే గుమ్మెట ధ్వనికీ దిగిరాదు. కథకుడు గొంతు చించుకోవాల్సి వస్తుంది. ఒక ఏడాది జనం ఒత్తిడికి లొంగి మేము ఆర్కెస్ట్రాను ముందు పెట్టాము. తర్వాత వేదికెక్కిన హరిదాసుగారి ముందు నలభై మంది కూడా మిగలలేదు. ఆయన ఒక్క మాట అనకుండా మంగళం దాకా చెప్పి దిగారు. ఆ రాత్రి ఆయన ముఖం చూడలేకపోయాను.

మిమిక్రీని ఖాళీ పూడ్చే సరుకుగా చూడవద్దు. వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ గారికి 2001లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన కళ అది. అయితే దానికి ఒక్క మైకు, ఒక్క మనిషి చాలు కాబట్టి, కథ ముగిసి ఆర్కెస్ట్రా వాద్యాలు సర్దుకునే పది నిమిషాలలో తెర ముందు నిలబడి జనాన్ని పట్టి ఉంచడానికి అంతకంటే అనువైనది లేదు. ఆ కళాకారుడిని ముందే అడిగి, రెండు విడతలుగా చేయడానికి ఒప్పించండి.

కథలు, నాటకాలు కుదించడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. పద్యనాటకం మొత్తం ఐదారు గంటలు నడుస్తుంది కనుక మీరు పిలవాల్సింది నాటకాన్ని కాదు, సీన్లను. కృష్ణ రాయబారమో, హరిశ్చంద్రలో కాటి సీనో ఒకటి ఎంచుకుని, గంటంబావులో ముగించాలని బృందం నిర్వాహకుడితోనూ హార్మోనియం వాయించేవారితోనూ ఇద్దరితోనూ మాట్లాడండి. పద్యం చివర రాగం ఎంతసేపు సాగాలన్నది నటుడి గొంతులో ఉన్నా, దాన్ని దారిలో పెట్టగలిగేది హార్మోనిస్టే. వన్స్‌మోర్లకు ఒక పది నిమిషాలు వదిలి లెక్క వేసుకోండి. జనం అడిగిన పద్యం మళ్ళీ పాడనివ్వకపోతే పద్యనాటకం పెట్టి ప్రయోజనం లేదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడి వంత పాడేవారు, అంటే నవ్వించే వంత, రాజకీయం మాట్లాడే వంత ఇద్దరూ ఊరి సంగతులు కలుపుకుంటారు కాబట్టి, నీళ్ళ ఎద్దడి, రోడ్డు గుంతలు లాంటి రెండు మూడు విషయాలు సాయంత్రమే వారి చెవిన వేయండి. షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చేంతగా ఈ కళ ఎదిగిందంటే, కథను విన్న రోజుకు, విన్న ఊరికి ముడిపెట్టగల ఆ నేర్పు అందుకొక పెద్ద కారణం.

తోలుబొమ్మలాటకు, సురభి నాటకానికి ఈ వరుస పనికిరాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట నుంచి బృందాన్ని పిలిపిస్తే, తెర వెనుక వెలుగు తప్ప మరో వెలుగు ఉండకూడదు. సీరియల్ బల్బులు, దుకాణాల ఫోకస్ లైట్లు ఆ గంట ఆర్పించగలిగితేనే పిలవండి. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన ఆ కుటుంబాల నాటకానికైతే తెరలు, రంగాలంకరణ, మాయలు చూపించే ఏర్పాట్లు ఉంటాయి కనుక, ఒక రాత్రి మొత్తం దానికే వదలాలి. వేదిక కొలతలు మీరు నిర్ణయించకుండా వారినే అడగాలి.

మైకుల విషయానికి వస్తే, సౌండ్ వాళ్ళు సాధారణంగా ఆర్కెస్ట్రాకు సరిపడేలా సర్ది, అదే సర్దుబాటు మీద కథ కూడా నడిపిస్తారు. అది కుదరదు. బుర్రకథ ముగ్గురూ అడుగు ముందుకూ వెనక్కూ వేస్తూ చెబుతారు కాబట్టి, ముగ్గురికీ మూడు మైకులు, వాటి మధ్య అడుగు వేయడానికి చోటు ఉండాలి. కథకుడు వేలికి తొడుక్కుని తాళం వేసే అందెలు మైకుకు మరీ దగ్గరైతే ఆ మోత చెవిలో గుచ్చుకుంటుంది, దూరమైతే తాళమే పోతుంది. సాయంత్రం ఐదింటికి ఒక్క పావుగంట పరీక్ష చేస్తే గాని సరైన చోటు తెలియదు. హరికథకు దాసుగారు నిలబడే చోట మందపు తివాచీ పరచకండి, గజ్జెల చప్పుడంతా అది మింగేస్తుంది. ఉత్త చెక్క మేలు. వేసవి గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది కాబట్టి, వేదికకు 35 మీటర్ల వెనుక మరో జత స్పీకర్లు పెడితే వేదిక దగ్గరి పాట అక్కడికి సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరి, మాట రెండుగా వినిపిస్తుంది. వెనుక స్పీకర్లకు అంత ఆలస్యం మిక్సరులో పెట్టమని అడగండి. ఊరి చివరి దాకా గొట్టం మైకులు కట్టే అలవాటును మాన్పించండి. మైదానం హద్దు దగ్గర శబ్దం 75 డెసిబెల్స్ ఎక్కడా దాటకూడదు, చుట్టుపక్కల నిశ్శబ్దంగా ఉండే చోట అంతకంటే తక్కువే ఉండాలి; పైగా చంటిపిల్లలూ రోగులూ ఉన్న ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటాయి.

విద్యుత్తుకు తాత్కాలిక కనెక్షను, దానికి తోడు జనరేటరు, లైట్లకూ సౌండుకూ వేరువేరు లైన్లు, సరైన ఎర్తింగు తప్పనిసరి. నీళ్ళు చల్లిన నేల మీద తీగలు పరిస్తే ప్రమాదం కాబట్టి వాటిని పైనుంచి తీయించండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి వాన పడటం మామూలే. షామియానా పక్క గుడ్డలు వెంటనే విప్పగలిగేలా కట్టించండి, లేకపోతే గాలికి తెరచాపలా పొంగి స్తంభాలనే పెకలిస్తాయి. గాలి మొదలైన వెంటనే వాద్యాల కంటే ముందు, లైట్ల స్తంభాలు, ఎల్‌ఈడీ తెర దగ్గరున్న జనాన్ని తప్పించాలి. ఆట ఆపమని చెప్పే అధికారం ఒకే మనిషికి ఉండాలి, ఆ మనిషి ఎవరో సౌండ్ వాళ్ళకు ముందే తెలియాలి.

ఆర్కెస్ట్రా పాడేవి సినిమా పాటలైతే, రచయితల, స్వరకర్తల తరఫున రుసుము వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ లైసెన్సు సంగతి బుకింగు నాడే తేల్చుకోండి. జనం వస్తారన్న ఆశతో రికార్డింగ్ డాన్సుల పేరిట అశ్లీలానికి తావివ్వకండి. బహిరంగ స్థలంలో అశ్లీల చేష్టలు, పాటలు భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షను కింద నేరం. చట్టం సంగతి అటుంచినా, ఆ వేదిక మీద నిలబడే ఆడపిల్లల గౌరవం కమిటీ బాధ్యత.

కళాకారులకు చేయాల్సిన మర్యాదలో ఆర్కెస్ట్రాకూ జానపద బృందానికీ తేడా చూపించడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. ఆర్కెస్ట్రాకు గది, ఫ్యాను, ముందస్తు చెల్లింపు. మధ్యాహ్నమే లారీలో దిగిన డప్పు బృందానికి చెట్టు నీడ, డబ్బేమో రేపు. అలా చేయకండి. అందరికీ ఒకే రకం బయానా చీటీ, అందులో రోజు, వేళ, మొత్తం, ప్రయాణం, భోజనం రాసి ఉండాలి. ఆడవారికి గడియ ఉన్న గది, పక్కనే మరుగుదొడ్డి ఉండాలి. ఎండలో ప్రయాణం చేసి వచ్చినవారికి దిగగానే మజ్జిగ ఇవ్వండి. గాత్రం చేసేవారికి ఐసు నీళ్ళు కాకుండా కుండ నీళ్ళు పెట్టండి. ఆటకు ముందు తేలిక ఫలహారం, ఆట తర్వాత కడుపు నిండా భోజనం. మొదట ఆడిన నేల బృందాలవారు పది దాకా ఆకలితో కూర్చోకుండా, వారి ఆట అయిన వెంటనే ఎనిమిదింటికే విస్తరి వేయించండి.

తొమ్మిదీ నలభైకి వేదిక ఎదురుగా కళాకారులకు మాత్రమే కనిపించేలా ఒక ఎర్ర బల్బు వెలిగించండి. ఇరవై నిమిషాలే ఉన్నాయని మైకులో చెప్పనక్కరలేదు. పదింటికి మైకు ఆగినా మైదానంలో దీపాలు మరో గంట వెలగనివ్వండి, పిల్లలను భుజాన వేసుకుని నడిచేవారు చీకట్లో తడుముకోకూడదు. ఆ గంటలోనే ప్రతి బృందం నిర్వాహకుడినీ పక్కకు పిలిచి, కవరులో పెట్టిన మొత్తం చేతికిచ్చి, లెక్క చూసుకోమని చెప్పండి. ఆ వేళకు చివరి బస్సు పోయి ఉంటుంది. వారి ఊరి దాకా బండి కూడా కమిటీయే మాట్లాడి సిద్ధంగా ఉంచాలి.