ఏడాది యూరప్ తిరుగుళ్లు: వచ్చే టికెట్ కొనేముందు తేల్చుకోవాల్సిన లెక్కలు

ఏడాదిలో రెండుమూడుసార్లు యూరప్ వెళ్లొచ్చినవాళ్లు డిసెంబర్ రాగానే ఫొటోలు సర్దుకుంటారు. వాటికన్నా ముందు సర్దాల్సింది కాగితాలు. పాస్‌పోర్ట్, బోర్డింగ్ పాసులు, కారు అద్దె ఒప్పందాలు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు బల్ల మీద పరుచుకుని కూర్చుంటే ఒక పూటలో తేలిపోయే పని. వచ్చే ఏడాది వీసా, ఖర్చు, దారి మూడూ దీని మీదే నిలబడతాయి.

ముందు రోజుల లెక్క. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్, అందులో 29 దేశాలున్నాయి. అన్నిటికీ కలిపి ఒకటే నియమం: ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులు దాటకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. రాత్రి పదకొండున్నరకు ఇమిగ్రేషన్ దాటినా ఆ రోజు అయిపోయినట్టే. చాలామంది జనవరి ఒకటి నుంచి లెక్కపెడతారు, అది తప్పు. మీరు అక్కడ ఉండబోయే రోజును కూడా కలుపుకుని వెనక్కి 180 రోజులు లెక్కపెట్టాలి.

ఒక ఉదాహరణ. ఏప్రిల్ 10 నుంచి 19 వరకు 10 రోజులు, జూన్ 20 నుంచి జూలై 9 వరకు 20 రోజులు, అక్టోబర్ 5 నుంచి 18 వరకు 14 రోజులు తిరిగారనుకుందాం. డిసెంబర్ 20న మళ్లీ దిగాలి. అక్కడి నుంచి వెనక్కి పెడితే 180 రోజులు జూన్ 24తో ఆగుతాయి. ఏప్రిల్ పూర్తిగా బయటపడింది. జూన్ 24 నుంచి జూలై 9 వరకు 16, అక్టోబర్‌వి 14, మొత్తం 30 రోజులు వాడుకున్నట్టు. జనవరి 3న తిరిగొస్తే ఆ తేదీకీ విడిగా లెక్కపెట్టాలి. ఆ రోజుకు 180 రోజుల లెక్క జూలై 8 నుంచి మొదలవుతుంది. పాతవి 16 (జూలైవి 2, అక్టోబర్‌వి 14), కొత్తవి 15, మొత్తం 31.

ఇంతా చేసి వీసా స్టిక్కర్ చూడకపోతే ఫలితం లేదు. అందులో మూడు గడులు విడివిడిగా చదవాలి. మొదటిది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందన్నది. రెండోది ఎన్నిసార్లు ప్రవేశించవచ్చన్నది. మూడోది ‘డ్యూరేషన్ ఆఫ్ స్టే’, అంటే ఎన్ని రోజులు ఉండవచ్చన్నది. తేదీల మధ్య నెల ఉన్నా, ఈ గడిలో 15 అని ఉంటే మీకున్నవి పదిహేను రోజులే. ప్రవేశాల గడిలో 01 ఉంటే పారిస్ నుంచి లండన్ వెళ్లి తిరిగి పారిస్‌లో దిగలేరు. బ్రిటన్, ఐర్లాండ్ షెంగెన్‌లో లేవు కాబట్టి అటు వెళ్లగానే ఆ ఒక్క ప్రవేశం ముగిసిపోతుంది. రోజులు మిగుల్చుకోవడానికి క్రొయేషియా, బల్గేరియా, రొమేనియా వెళ్లమనే పాత సలహాలు కూడా వదిలేయండి. క్రొయేషియా 2023లో చేరింది. మిగతా రెండూ 2025 జనవరి 1 నుంచి పూర్తిగా ఇదే లెక్కలో ఉన్నాయి.

2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అనే రాకపోకల ఎలక్ట్రానిక్ నమోదు విడతలవారీగా మొదలై, పాస్‌పోర్ట్‌లో ముద్రల స్థానంలోకి వచ్చింది. అందుకే బోర్డింగ్ పాసులు పారేయకండి, స్కాన్ చేసి పెట్టుకోండి. పాత వీసాల కాపీలు ఇంకా ముఖ్యం. భారత్‌లో ఉండేవారికి 2024 ఏప్రిల్ నుంచి ఒక వెసులుబాటు ఉంది: గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవారికి మామూలుగా రెండేళ్ల మల్టిపుల్ (ఎన్నిసార్లయినా వెళ్లొచ్చే) వీసా ఇవ్వవచ్చు. పాస్‌పోర్ట్‌కు అంత కాలం గడువుండాలి. గడువు దగ్గరపడి ఉంటే ముందు దాన్ని రెన్యూ చేయించుకోండి.

ఇక కారు. అద్దె కంపెనీ కార్డు మీద బ్లాక్ చేసిన డిపాజిట్ విడుదలైందో లేదో స్టేట్‌మెంట్‌లో వెతకండి. ఆ తర్వాత కనిపించే చిన్న మొత్తం, ముప్పై నలభై యూరోల లాంటిది, జరిమానా అనుకుని ఊరుకోకండి. అది మీ అడ్రస్‌ను అక్కడి పోలీసులకు ఇచ్చినందుకు కంపెనీ వసూలు చేసే చార్జీ కావచ్చు. అసలు జరిమానా వేరే వస్తుంది. ఇటలీలో ఇది ఎక్కువ. పాత ఊళ్ల నడిబొడ్డున జడ్‌టీఎల్ అనే పరిమిత ప్రాంతాలుంటాయి, లోపలికి పోయిన బండి నంబరును కెమెరా పట్టేస్తుంది.  విదేశీయులకు నోటీసు పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువుంది. అందిన 5 రోజుల్లో కడితే సాధారణంగా 30 శాతం తగ్గుతుంది. అద్దె ఒప్పందంలో డోర్ నంబరు, పిన్‌కోడ్ సరిగా లేకపోతే ఆ ఉత్తరం విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంకెవరి గుమ్మంలోనో పడి తగ్గింపు పోతుంది. కారు తీసుకున్నప్పటి, అప్పగించినప్పటి ఫొటోలు, ఒప్పందం కనీసం ఏడాది దాచండి. సొట్టలు, గీతలే కాదు, ఇంధనం ముల్లు, కిలోమీటర్ల అంకె కూడా ఫొటోలో ఉండాలి.

బంకు దగ్గర జరిగే పొరపాటు ఖరీదైనది. ఇటలీలో ‘గాసోలియో’ అంటే డీజిల్, స్పెయిన్‌లో ‘గాసోలినా’ అంటే పెట్రోల్. చెవికి రెండూ ఒకటే. పేరు నమ్మకుండా పంపు మీది గుర్తు చూడండి: గుండ్రంలో ఈ5, ఈ10 ఉంటే పెట్రోల్, చదరంలో బీ7 ఉంటే డీజిల్. అదే గుర్తు బండి ఇంధనం మూత లోపల కూడా ఉంటుంది. తప్పు పోస్తే ఇంజిన్ ఆన్ చేయకండి, తాళం కూడా తిప్పకండి. అక్కడే ఆపి కంపెనీ సహాయ నంబరుకు ఫోన్ చేయాలి. మామూలు ఇన్సూరెన్స్ ఈ నష్టాన్ని చాలావరకు భరించదు.

టోల్ సంగతి క్లుప్తంగా: స్విట్జర్లాండ్‌లో విన్యెట్ అనే హైవే టోల్ పాసు 40 ఫ్రాంకులు, ఒక్క రోజుకైనా అంతే. ముందు ఏడాది డిసెంబర్ 1 నుంచి తర్వాతి ఏడాది జనవరి 31 దాకా చెల్లుతుంది. అయితే అది బండిదే తప్ప మీది కాదు, కాబట్టి మరో అద్దె కారుకు పనికిరాదు. జర్మనీలో కార్లకు టోల్ లేదు.

తర్వాత రోజువారీ డ్రైవింగ్ గంటలు రాసుకోండి. కిలోమీటర్లు మోసం చేస్తాయి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లే అయినా మూడు గంటలు పడుతుందని మనకు తెలుసు. ఆల్ప్స్ కనుమల్లోనూ అదే లెక్క: ఇటలీలోని స్టెల్వియో కనుమకు ఒక వైపునే 48 హెయిర్‌పిన్ మలుపులు, ఎత్తు 2,757 మీటర్లు. పైగా చలికాలమంతా మూసేస్తారు. రోజుకు నాలుగు గంటలు దాటిన రోజులు మీ జాబితాలో వరుసగా మూడుంటే ఆ దారిని సగానికి కోయండి. నగరంలో ఉండే రోజులకు కారు తీసుకోవద్దన్నది మా గట్టి మాట. ప్రాగ్‌లో మూడు రోజులు ఉండాలంటే కారు నాలుగో రోజు పొద్దున తీసుకోండి. పార్కింగ్ డబ్బు మిగులుతుంది, ట్రాములే చాలు.

అక్టోబర్, నవంబర్ ప్రయాణాలకు మన తీరం సంగతి మరవకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం తాకినప్పుడు విశాఖ విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. హైదరాబాద్ వరకు ఒక టికెట్, అక్కడి నుంచి యూరప్‌కు మరో టికెట్ విడిగా కొంటే మొదటి విమానం ఆలస్యానికి రెండో సంస్థ బాధ్యత వహించదు, సామాను కూడా మళ్లీ చెకిన్ చేయాలి. ఈ నెలల్లో ఒకే పీఎన్ఆర్ తీసుకోండి, లేదా ఒక రోజు ముందే హైదరాబాద్ చేరండి.

చివరిగా అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీయండి. దాని గడువు ఏడాదే. అసలు లైసెన్స్ గడువు అంతకన్నా ముందే ముగుస్తుంటే అక్కడితోనే సరి. పొడిగింపు ఉండదు, మళ్లీ కొత్తదే తీసుకోవాలి: ఫారం 4ఏ, లైసెన్స్, పాస్‌పోర్ట్ కాపీలు, ఫొటోలు, 1,000 రూపాయల ఫీజు. మీ అడ్రస్ ఏ రవాణా కార్యాలయం కిందకు వస్తే అక్కడే దరఖాస్తు చేయాలి. వీసా చేతికి రాగానే మొదట ఈ పని పెట్టుకోండి. కారు తీసుకునేటప్పుడు పర్మిట్‌తో పాటు అసలు లైసెన్స్ కార్డు కూడా చూపించాలి, ఫోన్‌లోని డిజిటల్ కాపీని కౌంటర్‌లో ఒప్పుకోరు.