మార్ఖా లోయ ట్రెక్: బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది పడుకునే ఎత్తు

లద్దాఖ్‌లో, లేహ్‌కి దక్షిణాన, హెమిస్ నేషనల్ పార్కులో ఉంది మార్ఖా లోయ. పగలంతా ఊరి నుంచి ఊరికి నడక, రాత్రికి ఆ ఊళ్లోనే ఎవరింట్లోనో భోజనం, పడక. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వెళ్లొచ్చు.

బెంగళూరు నుంచి వెళ్లే బృందాలు ఎక్కువగా దెబ్బతినేది కాళ్ల దగ్గర కాదు, సెలవుల దగ్గర. ఐదు రోజుల లీవుకి రెండు శని-ఆదివారాలు కలిపి తొమ్మిది రోజుల్లో ముగించాలని చూస్తారు. అప్పుడు కోత పడేది లేహ్‌లో ఉండే రోజులకే. సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో పొద్దున విమానం ఎక్కి మధ్యాహ్నానికల్లా 3,500 మీటర్ల లేహ్‌లో దిగిన ఒంటికి ఆ తేడా సర్దుకోవడానికి కనీసం రెండు రాత్రులు కావాలి, మూడైతే ఇంకా మంచిది. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకైనా ఇందులో మినహాయింపు లేదు.

మూడు వేల మీటర్లు దాటాక నిన్న పడుకున్న చోటికంటే ఈ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. పగలు ఎంత ఎక్కి దిగినా ఫర్వాలేదు, లెక్కకొచ్చేది పడకే. ఈ దారిలో ఎత్తులు సుమారుగా ఇలా ఉంటాయి: స్కియు 3,400, మార్ఖా 3,750, హంకర్ 4,000, నిమాలింగ్ 4,750. హంకర్ దాకా అంతా సాఫీగానే ఉంది. హంకర్ నుంచి నిమాలింగ్‌కి మాత్రం ఒక్క రోజులో 750 మీటర్ల పెరుగుదల. చాలా ప్యాకేజీలు అలాగే తీసుకెళ్తాయి. తలనొప్పులు, వాంతులు మొదలయ్యేది కూడా ఎక్కువగా ఆ రాత్రే. మధ్యలో 4,250 దగ్గర తచుంగ్‌త్సే అనే చోటుంది. అక్కడ గుడారంలో ఒక రాత్రి ఆపమని డబ్బు కట్టకముందే అడగండి. కుదరదంటే హంకర్‌లోనే రెండు రాత్రులు ఉంచమనండి. దానికీ ఒప్పుకోకపోతే వేరేవాళ్లను వెతుక్కోవడమే మేలు.

అప్పుడు రోజుల లెక్క ఇలా వస్తుంది. శనివారం ఢిల్లీ మీదుగా లేహ్. శని, ఆది, సోమ రాత్రులు అక్కడే. మొదటి రోజు మంచం దిగకపోయినా తప్పులేదు. మంగళవారం జీపులో చిలింగ్ వెళ్లి అక్కణ్నుంచి స్కియు. బుధవారం మార్ఖా, ఇది ఇరవై కిలోమీటర్ల దాకా ఉండే పొడవాటి నడక. గురువారం హంకర్, శుక్రవారం తచుంగ్‌త్సే, శనివారం నిమాలింగ్. ఆదివారం కొంగ్మారు లా కనుమ దాటి సాయంత్రానికి లేహ్. సోమవారం ఖాళీగా ఉంచుకుని మంగళవారం తిరుగు విమానం. మొత్తం పదకొండు రోజులు, ఏడు లీవులు. వాతావరణం బాగోక లేహ్ విమానాలు రద్దవడం మామూలే కాబట్టి ఆ ఖాళీ రోజును వదులుకోకండి.

ఇక ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే మాత్ర, డయామాక్స్ సంగతి. నివారణకు మామూలుగా ఇచ్చే మోతాదు 125 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, విమానం ఎక్కే ముందురోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, భయపడక్కర్లేదు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. ఒంటికి అలవాటుపడే పని ఈ మాత్ర తొందరపెడుతుంది, అంతే. ముదిరిన జబ్బును దాచిపెట్టి మిమ్మల్ని పైకి తోసేది కాదు. తలనొప్పితో పాటు వికారమో, తల తిరుగుడో ఉంటే ఆ రోజు ఇక పైకి కదలకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నేలమీద గీత గీసి మడమకు వేలు ఆనించి నడవమంటే తూలిపోతున్నా, అర్ధరాత్రి అయినా సరే కిందికి దించాల్సిందే. లోయలో చాలాచోట్ల దానికి గుర్రమే దిక్కు. కాబట్టి గైడ్‌ని అడగాల్సిన ప్రశ్నలు రెండు: ఆక్సిజన్ సిలిండర్ మనతోనే వస్తుందా, అత్యవసరానికి ఒక గుర్రం ఖాళీగా ఉంటుందా? ఇన్సూరెన్స్ పాలసీలో ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో కూడా చదవండి. కనుమ 5,200 పైనే ఉంది.

సాధన ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో మీరుండే అపార్ట్‌మెంట్ మెట్లే చాలు. అంతస్తుకి మూడు మీటర్ల చొప్పున పన్నెండు అంతస్తులు పదిహేను సార్లు ఎక్కితే 540 మీటర్లు. వీపున ఆరేడు కిలోల బ్యాగు ఉండాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, మెట్లెక్కి లిఫ్టులో దిగిపోవడం. కొంగ్మారు లా రోజున దాదాపు 1,400 మీటర్లు దిగాలి. మోకాళ్లు పట్టేసేది, బొటనవేలి గోరు నల్లబడేది అప్పుడే. కాబట్టి దిగడం కూడా మెట్ల మీదే చేయండి. ఆదివారాలు నంది హిల్స్ పాత మెట్లదారికో, సావనదుర్గకో వెళ్లండి. బూట్లు సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బినప్పుడు కొనాలి. మందపాటి మేజోళ్లతో వేసుకున్నాక వేళ్ల ముందు వేలెడు జాగా మిగలాలి. కనీసం నెల రోజులు వాటితో నడిచాకే వాటిని కొండకు తీసుకెళ్లండి.

బట్టల్లో కాటన్ బనియన్లు ఇంట్లోనే వదిలేయండి. చెమటకు తడిస్తే ఆరవు, గాలి తగలగానే వణికిస్తాయి. లోపల పాలిస్టర్, మీద ఫ్లీస్, నిమాలింగ్ రాత్రికి ఈకలు నింపిన డౌన్ జాకెట్, అన్నిటి మీదికి రెయిన్ జాకెట్. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. లోయలో ఏటీఎం లేదు, కాబట్టి నగదు లేహ్‌లోనే తీసుకోండి.

ఇక ఊళ్లలోని ఇళ్లు. ఇంటికి గుండెకాయ వంటగదే. మధ్యలో పెద్ద ఇనప పొయ్యి, గోడ పొడవునా అరల్లో తళతళలాడే రాగి, ఇత్తడి గిన్నెలు. రాత్రికి స్క్యూ పెడతారు: గోధుమపిండి ముద్దల్ని బొటనవేలితో నొక్కి, ముల్లంగి, బంగాళాదుంపలతో చిక్కటి పులుసులా ఉడికిస్తారు. కారం ఉండదు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, చప్పటిది నోటికి సయించదు. అందుకే కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ చెరో వంద గ్రాములు తప్పకుండా పెట్టుకోండి, ఇది జిహ్వచాపల్యం అనుకోవద్దు. పలకరింపుకైనా, కృతజ్ఞతకైనా ఒకటే మాట, జూలే. మన ‘గారు’లాగా వాళ్లకు ‘లే’ ఉంది. ఇంటావిడని ‘అమా-లే’ అంటే సంతోషిస్తుంది.

మరుగుదొడ్డి మేడమీది గదిలో ఉంటుంది. నేలలో చదరపు కంత, పక్కన మట్టికుప్ప, ఒక పార. పని అయ్యాక రెండు పారల మట్టి కిందికి తోయాలి. అందులో నీళ్లు పోయకూడదు, తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు అస్సలు వేయకూడదు. ఎందుకంటే అది ఏడాది తర్వాత బార్లీ చేనుకి వెళ్లే ఎరువు. మనం వేసిన ప్లాస్టిక్‌ని ఆ అమ్మ చేతులతో ఏరుకోవాలి. చెత్తకి వేరే సంచి పెట్టుకుని లేహ్ దాకా మోసుకురండి.

వాగులు పొద్దున మోకాలి కింద ఉండి, ఎండకు మంచు కరిగేకొద్దీ సాయంత్రానికి తొడల దాకా పెరుగుతాయి. మధ్యాహ్నంలోపే దాటేయండి. బ్యాగు నడుం పట్టీ విప్పి, ముఖం నీటి ఎదురుకి తిప్పి, చెప్పులు వేసుకునే దాటాలి. వానచాటు ప్రాంతమే అయినా 2010 ఆగస్టులో లేహ్‌ని వరద ముంచెత్తింది. వాగు ఒడ్డున గుడారం వేయనివ్వకండి.

కనుమ రోజున తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరాలి. పైప్ ఉన్న నీళ్ల సంచి గడ్డకడుతుంది, సీసాయే నయం, అదీ తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర మంచు పట్టదు. కనుమ అవతల దారి ఇరుకైన గండిలోకి దిగి, ఒకే వాగుని అటూ ఇటూ పదేపదే దాటిస్తుంది. చెప్పుల్ని బ్యాగు అడుగున కాకుండా పైనే కట్టుకోండి.