టెన్తూ కబడ్డీ రెండూ లాక్కురావడం ఎలా

జూన్‌లో బడి తెరవగానే గేటు దగ్గర నాకు వినపడే మొదటి మాట, "మావాడికి ఈ ఏడు టెన్తండి మాస్టారూ, ఇంక ఆటలొద్దండి". కోనసీమ పల్లెటూళ్ళ జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా తిరుగుతున్నాను కాబట్టి ఈ మాట ఏటా వింటాను, ఏటా ఒకటే చెప్తాను. ఆట మానిపించిన పిల్లాడు, ఆడే ఆ గంటన్నరా పుస్తకం పట్టుకుంటే సంతోషమే, కానీ చాలామంది పట్టుకునేది ఫోను. మానిపించే ముందు కింద చెప్పినట్టు ఒక ఏడాది చేసి చూడండి.

ముందు ఆట సంగతి. మా పిల్లలు "సాత్విక్‌ది మన అమలాపురమే కదండీ, నేనూ షటిల్ ఆడతాను" అంటారు. నిజమే, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్పు గెలిచిన భారత జట్టులో ఉన్నాడు, వాళ్ళ నాన్నగారు కూడా మాలాగే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారే. కానీ దానికి ఇండోర్ కోర్టు కావాలి, కాక్‌లు డజన్లకి డజన్లు కొనాలి. మన బడిలో సున్నం గీత గీస్తే మొదలయ్యే ఆటలు కబడ్డీ, ఖోఖో. ఒక నెట్టు కడితే వాలీబాల్. కబడ్డీకి మగవాళ్ళ పూర్తి కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఖోఖోకి 27, 16 కావాలి. చుట్టూ కొబ్బరిచెట్లున్న చిన్న గ్రౌండైతే కబడ్డీయే మేలు.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని ఏడాదంతా దాని మీద రాయండి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, 17, 19గా జరుగుతాయి, టెన్త్ పిల్లలు మామూలుగా 17లోకి వస్తారు. మండలం, జిల్లా, రాష్ట్రం వరసలో చాలా మటుకు సంక్రాంతికి ముందే అయిపోతాయి, పబ్లిక్ పరీక్షలు మార్చిలో. అంటే గుద్దుకునేది వానాకాలం, శీతాకాలం మధ్య నెలలే. అందుకని జూన్, జూలైలోనే లెక్కల్లో క్లాసు కంటే ముందుండాలి. వాస్తవ సంఖ్యలు, బహుపదులు సొంతంగా చేసేసుకుంటే, సెలక్షన్లకి నాలుగు రోజులు పోయొచ్చినా బోర్డు మీదున్నది అర్థమవుతుంది. సోషలూ తెలుగూ బస్సులో చదువుకోవచ్చు, లెక్కలు మాత్రం ఎవరో చేస్తుంటే చూసి నేర్చుకునేవి కావు.

పోటీకి వెళ్ళే ముందే మీ బెంచీలో ఒకరితో నోట్సు ఒప్పందం చేసుకోండి, వచ్చిన రోజు రాత్రే ఎక్కించుకోండి. రేపు అంటే ఇంక అంతే. ఏ తేదీల్లో ఉండరో హెడ్మాస్టారికీ సబ్జెక్టు మాస్టార్లకీ ముందే చెప్తే, ఆ వారం జరిగే స్లిప్ టెస్టు తర్వాత పెడతారు. చెప్పకుండా వెళ్తే ఎవరికైనా కోపం వస్తుంది కదా.

కాగితాల దగ్గర పాడైనవాళ్ళని చూశాను కాబట్టి ఇది కాస్త గట్టిగా చెప్తున్నాను. ఒకసారి కబడ్డీలో మంచి రైడర్, అంటే కూతకెళ్ళేవాడు, జిల్లా సెలక్షన్‌లో అందరూ వాడి కాళ్ళనే చూస్తున్నారు, తీరా ఎంట్రీ ఫారం దగ్గర ఆధార్‌లో పుట్టినతేదీ ఒకటి, బడి రిజిస్టర్లో ఇంకోటి. తిరిగొచ్చేశాం. వాడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, ఊరొచ్చేదాకా మాట్లాడలేదు. తప్పు నాదే, ముందే చూడాల్సింది. మీరు ఎనిమిదో తరగతిలో ఉండగానే పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో చూసి దిద్దించుకోండి. ఫొటోలు, స్టడీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు ఒక ఫైలులో పెట్టుకోండి.

గ్రౌండ్ సంగతి మన దగ్గర వేరే కథ. నల్లమట్టి, వానొస్తే బురద, ఎండొస్తే బీటలు. బురదలో కబడ్డీ ఆడితే మోకాలు తిరుగుతుంది, నవ్వులాటకి తప్ప వద్దు. వాన వెలిశాక ఇసుక చల్లి, కాస్త ఊక కలిపి, నీళ్ళు కొట్టి చదును చేస్తే రెండు రోజుల్లో మెత్తగా తయారవుతుంది. ఆగస్టులో గోదారి పొంగి లంకలు మునిగితే పిల్లలు పడవల్లో వస్తారు, కొన్ని బళ్ళు పునరావాస కేంద్రాలైపోతాయి. అప్పుడు ఆట ఆపండి, ఇంట్లో స్కిప్పింగూ బస్కీలూ చాలు. నీళ్ళు తీశాక మాత్రం పొద్దున్నే ఏటిగట్టు మీద పరుగు, ఇంతకంటే మంచి ట్రాక్ మనకెవరిస్తారు?

తిండికి డబ్బాల పొడులేమీ అక్కర్లేదు. పొద్దున్న పెరుగేసిన చద్దన్నం, బడిలో గుడ్డూ రాగిచిక్కీ పారేయకుండా తినడం, సాయంత్రం రెండు అరటిపళ్ళు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. వేరే ఊరు పంపాలంటే భయం సహజం. ఎవరు తోడు వస్తున్నారు, ఎక్కడ పడుకుంటారు, బాత్రూములున్నాయా అని అడగండి, అడిగితే మేమేమీ అనుకోం. మహిళా టీచర్ తోడు లేకపోతే పంపకండి, నేనైతే నా కూతుర్ని పంపను.

మార్కుల లెక్క కూడా తెలిసుండాలి. టెన్త్ మొత్తం 600. హిందీలో 20 వస్తే పాసు, మిగతావాటికి 35. సైన్సు వందని భౌతికం 50, జీవం 50గా రెండు రోజులు రాస్తారు. నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల సీట్లు ఈ మార్కులతోనే ఇస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకి 4 శాతం కలుపుతారు. ఆటల కోటా ఉంది కానీ జాతీయ స్థాయి ఆడినవాళ్ళు ముందు వరసలో ఉంటారు, మండలంలో ఆడిన కాగితం చూపించి సీటు అడిగితే నవ్వుతారు. అందుకే మార్కులే అసలు, సర్టిఫికెట్ కొసరు అనుకోండి. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి నెగ్గితే ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది, దాంట్లో బూట్లు కొనుక్కోవచ్చు.

అసలు ప్రమాదం సంక్రాంతి. కోడిపందేలు, ప్రభల తీర్థం, ఊరూరా వాలీబాల్ టోర్నమెంట్లు, చుట్టాలు. పదిరోజులు పుస్తకం తెరవరు. పండగ మూడు రోజులూ తిరగండి, నాలుగో రోజు నుంచి పొద్దున్న మూడు గంటలు కూర్చోండి. ఫిబ్రవరిలో టీమ్ ప్రాక్టీసు పూర్తిగా ఆపేసి, సాయంత్రం అరగంట పరుగు మాత్రం ఉంచుకోండి, లేకపోతే నిద్రా పట్టదు, టెన్షనూ తగ్గదు. పరీక్షలయ్యాక రండి, అప్పటికి గ్రౌండ్ బీటలు తీసి ఉంటుంది, కాలవ కట్టేలోపు నీళ్ళు కొట్టే పని మీదే.