రొయ్యల గుంటలో వెలుతురు ఎంత లోతుకు దిగుతోందో కొలిచేదెలా?

ముత్తుకూరు, ఇందుకూరుపేట నుంచి కొత్తపట్నం దాకా ఏ గుంట కట్టమీద నిలబడినా నీళ్ల రంగు గురించే మాట. రంగు చూసి బ్లూమ్ (నీళ్లలో గుంపుగా పెరిగే కంటికి ఆనని ప్లవకాలు) అంచనా కట్టడం పాత రైతులకు వెన్నతో పెట్టిన విద్యే. కానీ అదే గుంట ఎండలో ఒక రంగు, మబ్బు పట్టాక ఇంకో రంగు కనబడుతుంది. మేత తగ్గించాలా, నీళ్లు మార్చాలా అన్నది రంగుతో తేల్చుకోలేం, దానికి సెంటీమీటర్ల లెక్క కావాలి. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త మధ్యధరా సముద్రంలో పళ్లాలు దించి, అవి ఎంత లోతులో కనబడకుండా పోతాయో చూసిన పద్ధతే నేటి సెక్కి డిస్క్.

దాన్ని కొనక్కర్లేదు. 20 సెం.మీ. వ్యాసంతో గుండ్రంగా కోసిన స్టీలు రేకు గానీ, దళసరి అక్రిలిక్ షీటు గానీ చాలు. నాలుగు సమ భాగాలు చేసి, ఎదురెదురు భాగాలకు ఒకే రంగు వచ్చేలా రెండు తెలుపు, రెండు నలుపు వేయండి. పెయింటు మెరుపు లేనిదై ఉండాలి. మెరిసే ఎనామిల్ వేస్తే నల్ల భాగం కూడా ఎండకు తళుక్కుమంటుంది. నడిమధ్య బెజ్జం వేసి బోల్టుతో బిగించి, అడుగున అరకిలోకు మించిన బరువు కట్టాలి.

మన గుంటల్లో నీళ్లు ఒకటిన్నర మీటరు లోపే కాబట్టి తాడు కంటే కడ్డీ మేలు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, గాలికి డిస్క్ పక్కకు జరిగినా తెలియదు. అరంగుళం పీవీసీ పైపు వాడితే అక్కడక్కడా బెజ్జాలు వేసి లోపలికి నీళ్లు పోనివ్వండి, లేదంటే తేలుతూ చికాకు పెడుతుంది. గుర్తులు 2 సెం.మీ.కు ఒకటి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: సున్నా ఉండాల్సింది డిస్క్ పై ముఖం దగ్గర. పైపు కొస నుంచి కొలిస్తే నట్టు, బరువు కలిసి నాలుగైదు సెం.మీ. దొంగ లెక్క వస్తుంది, అది ప్రతి రీడింగ్‌లోనూ ఉండిపోతుంది.

కొలిచే వేళ పది నుంచి రెండు. అయితే మన తీరంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి నీళ్లు అలలాడతాయి కనుక 11 లోపు ముగించడం మంచిది. ఎండ మీ వీపు వైపు ఉండాలి. చలువ కళ్లద్దాలు తీసేయండి, అవి నీటి మెరుపును కోసేసి లోతు ఎక్కువ చూపిస్తాయి. ఏరేటర్ (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రం) దగ్గర బుడగలు, గాలివాలు మూలలో పాచి. ఈ రెండు చోట్లా కొలవొద్దు. కొలత కోసమని పంట చివర్లో ఏరేటర్లు ఆపకండి, చెక్‌ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) దించే బల్ల మీద నుంచి నిలకడగా ఉన్న నీళ్లలో చూసుకోండి.

డిస్క్‌ను మెల్లగా దించండి. తెలుపు నలుపు తేడా పోయి, డిస్క్ పూర్తిగా మాయమైన చోట నీటి మట్టం దగ్గర పైపును వేళ్లతో పట్టి గుర్తు చూడండి, 38 అనుకుందాం. ఇంకాస్త దించి మళ్లీ పైకి లాగండి. మసకగా తిరిగి కనబడిన చోటు 34. సగటు 36, అదే ఆ చోటి రీడింగ్. రెండిటికీ 5 సెం.మీ. మించి తేడా వస్తే తొందరపడ్డట్టే, మళ్లీ చూడండి. కన్ను డిస్క్‌కు నేరుగా పైనుండాలి, పక్కనుంచి వాలుగా చూస్తే లెక్క మారిపోతుంది. గుంటలో మూడు చోట్ల తీసి సగటు కట్టండి. రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు చూడాలి. ఇద్దరి కళ్లు ఒకటి కావు.

36 అంటే ఏమిటి? గుంటల్లో ప్లవకాలకు పనికొచ్చే వెలుతురు సుమారుగా రీడింగ్‌కు రెట్టింపు లోతు దాకా దిగుతుంది, అంటే 72 సెం.మీ. నీళ్లు 120 సెం.మీ. ఉంటే అడుగున 48 సెం.మీ. చీకటే. అక్కడ ఆక్సిజన్ పుట్టదు, పైనుంచి ఏరేటర్ తిప్పి పంపాల్సిందే. రొయ్య తిరిగేది ఆ అడుగునే. 30 నుంచి 45 మధ్య ఉంటే బాగున్నట్టు. 60 దాటితే ఎండ అడుక్కు తగిలి నాచు పడుతుంది. 25 లోపు పడితే బ్లూమ్ మితిమీరింది, తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూసుకోవాలి. 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) కంటే దిగితే ప్రమాదం.

కొలత సరిగానే ఉన్నా అర్థం తప్పే సందర్భాలున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కట్టల మట్టి గుంటలోకి దిగుతుంది. అప్పుడు 20 వచ్చినా అది బ్లూమ్ కాదు, బురద. గాజు గ్లాసులో నీళ్లు పట్టి తెల్ల కాగితం ముందు పెట్టండి. ఆకుపచ్చ, లేత గోధుమ ఛాయ ఉంటే ప్లవకాలు, ఎర్రమట్టి ఛాయతో మసకగా ఉంటే బురద. బయోఫ్లాక్ (నీళ్లలో బ్యాక్టీరియా ముద్దలు పెంచే పద్ధతి) గుంటల్లో మాత్రం సెక్కి డిస్క్‌ను నమ్ముకోవద్దు, అక్కడ ఇమ్‌హాఫ్ కోన్‌లో (కొలత గీతలున్న గరాటు లాంటి పాత్ర) ఫ్లాక్, అంటే ఆ ముద్దలు, ఎంత పేరుకుందో చూడాలి.

డిస్క్ మీద పాచి పడితే తెలుపు మాసి రీడింగ్ తక్కువ చూపిస్తుంది, వారానికోసారి రుద్ది కడగండి. ఒక గుంటలోది ఇంకో గుంటలో ముంచవద్దు, రొయ్యలకు వచ్చే వైట్‌స్పాట్ వైరస్ రోగాన్ని మోసుకెళ్లే దారుల్లో అదొకటి. గుంటకో డిస్క్ ఉంటే గొడవే లేదు.

నోటుబుక్‌లో తేదీ, వేళ, మబ్బు, నీటిలోతు, రీడింగ్ రాయండి. నిన్న 32 ఉన్నది, నీళ్లు మార్చకుండానే, ఈరోజు 60కి ఎగబాకితే నీళ్లు తేటపడ్డాయని సంబరపడొద్దు. బ్లూమ్ చచ్చి అడుక్కు దిగుతోంది, కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తుంది. ఆ పూట మేత తగ్గించి, రాత్రంతా ఏరేటర్లన్నీ నడిపి, తెల్లవారుజామున నాలుగింటికి డీఓ మీటర్ పట్టుకుని కట్టమీదకు వెళ్లాలి.